దగ్గినా విరిగిపోద్దన్నారు

రొమ్ము క్యాన్సరు తగ్గిపోయిందని ఇంట్లో అందరం దాని ఊసే మానేశాక తొడనొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు, వాతం అన్నాడు డాక్టరు. పాత జబ్బు సంగతి చెబుతూనే ఉన్నాను, వింటేగా! ఎముకలో కాల్షియం 30 నుంచి 50 శాతం పోతే గాని మామూలు ఎక్స్‌రేలో మచ్చ తేలదట. ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు.

తర్వాత తీసిన ఎక్స్‌రేలో తుంటికి కాస్త దిగువన మచ్చ కనబడింది. పాత క్యాన్సరే ఎముకలోకి పాకిందన్నమాట. అది చూసిన ఇంకొకాయన "దగ్గినా విరిగిపోద్దమ్మా ఇది" అనేసి తర్వాతి పేషెంటుని పిలిచాడు. ఎలా లేవాలో, కాలు మోపొచ్చో లేదో ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ రాత్రి నరసన్నపేటలో మా ఇంట్లో, పుష్యమాసం చలిలో, సరిగ్గా దగ్గే పట్టుకుంది. చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. కళ్లమ్మట నీళ్లు. పక్కకి ఒత్తిగిలాలన్నా భయమే. "ఏటయిందే?" అని లేచారు మా ఆయన. "దగ్గొస్తంది" అన్నాను. "అయితే దగ్గు" అన్నారు నిద్రమత్తులో. అంతలో సంగతి గుర్తొచ్చి, లైటేసి, తెల్లారేదాకా నా తొడ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. పట్టుకుంటే ఆగుతుందా ఏం? అయినా ఆయన మీద పాత కోపాలు చాలావరకు ఆ రాత్రే తీరిపోయాయి.

విశాఖలో డాక్టరమ్మ ఎముక విరిగే ప్రమాదం ఎంతుందో లెక్కగట్టి చూపించింది. 1989లో మిరెల్స్ అనే డాక్టరు పెట్టిన పద్ధతట. మచ్చ ఉన్న చోటు, నొప్పి, మచ్చ రకం, వెడల్పు, ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. 9, ఆపైన వస్తే విరిగేదాకా ఆగకుండా రాడ్ వేసేస్తారు. తుంటి దగ్గర కాబట్టి 3, మోపితే నొప్పి కాబట్టి 3, ఎముకని తినేసే రకం కాబట్టి 3, వెడల్పులో సగం పోయింది కాబట్టి 2. పన్నెండుకి పదకొండు! బళ్లో కూడా ఇన్ని మార్కులు రాలేదమ్మా అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఈ లెక్క ఒక్కోసారి విరగని ఎముకకీ ఎక్కువ మార్కులేస్తుందని, అందుకే సీటీ స్కానులో ఎముక గోడ ఎంత మిగిలిందో కూడా చూశానని చెప్పింది. విచిత్రం, అంకె తెలిశాక భయం తగ్గింది.

ఆపరేషను, రేడియేషను అయ్యాయి. మందులు నడుస్తున్నాయి.

మా తోడికోడలు మొదట్లో నూనె రాసి తొడ పిసికించింది, ప్రేమతోనే. ఒకసారి క్యాన్సరొచ్చిన వాళ్లెవరైనా కాలు మోపితే నొప్పంటే ఆ పని చేయించకండి. తొడెముక పైనుంచి మోకాలి దాకా ఎక్స్‌రే తీయించండి.

శ్రీకాకుళం బస్టాండు నుంచి అరసవల్లికి నడిచొస్తానని మొక్కుకున్నాను. డాక్టరమ్మ ఇప్పుడే అంత నడక వద్దంది. రథసప్తమికి ఆటోలోనే వెళ్తాం. సూర్యనారాయణస్వామి ఆమాత్రం అర్థం చేసుకోడా?