నాకు నప్పే హ్యాబిట్ ట్రాకర్‌ని ఎలా ఎంచుకున్నానంటే

మేం బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు దగ్గర ఉంటాం. కైకొండ్రహళ్లి చెరువు ఇంటికి దగ్గరే. పొద్దున్నే చెరువు చుట్టూ నడవాలి, రాత్రి పడుకునే ముందు పావుగంట కన్నడ చదవాలి. నేను అలవాటు చేసుకోవాలనుకున్నవి ఈ రెండే. గుర్తు చేయడానికి, ఏ రోజు చేశామో లెక్క పెట్టుకోవడానికి హ్యాబిట్ ట్రాకర్ యాప్ ఒకటి పెట్టుకుందామని ప్లే స్టోర్ తెరిస్తే లెక్కలేనన్ని కనిపించాయి. ఆఫీసులో అడిగితే తలా ఒకటి చెప్పారు. ఎవరు చెప్పింది వాళ్లకి బాగానే పనిచేస్తోంది కూడా. దాంతో యాప్‌ల సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు నా సంగతి చూసుకున్నాను.

ఎవరూ వెంటపడకుండానే ఏళ్ల తరబడి నేను మానకుండా చేస్తున్న పని ఏముందా అని ఆలోచించాను. వంటింట్లో క్యాలెండర్ మీద పాల లెక్క గుర్తొచ్చింది. ప్రతి తేదీ గడిలో ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో రాస్తాను, రాని రోజు సున్నా చుడతాను. ఎప్పుడైనా ఒక గడి ఖాళీగా ఉండిపోయినా మర్నాడు మళ్లీ పెన్ను తీస్తాను. నెలాఖరుకి నిండిన గడులు చూస్తే తృప్తిగా ఉంటుంది. నన్ను నడిపించేది అదేనని అర్థమైంది.

మావారి తీరు వేరు. ఒంటరిగా జిమ్‌కి వెళ్లమంటే కదలరు, షటిల్ కోర్టులో ముగ్గురు ఎదురుచూస్తున్నారంటే ఎంత వానలోనైనా బయల్దేరతారు. ఆయనకి యాప్ కంటే ఆ ముగ్గురే మేలు. మారతహళ్లిలో పీజీలో ఉండే మా పిన్ని కూతురికి పాయింట్లు, లెవెల్స్ ఉంటేనే హుషారు. తను ఆటలా ఉండే హ్యాబిటికా అనే యాప్ పెట్టుకుంది. అందులో మనకో బొమ్మ ఉంటుంది. రోజువారీ పని చేస్తే బంగారం వస్తుంది, మానేస్తే ఆ బొమ్మ ఆరోగ్యం తగ్గుతుంది. స్నేహితులతో జట్టు కట్టి బాస్‌తో, అంటే ఆటలోని పెద్ద శత్రువుతో పోరాడుతుంటే, మనం పని ఎగ్గొట్టిన దెబ్బ జట్టంతటికీ తగులుతుంది. నాకైతే అది టెన్షన్, దానికి అదే పట్టుదల. నైట్ షిఫ్ట్ కాబట్టి తన రోజు ఎన్ని గంటలకి మొదలవ్వాలో అందులోనే మార్చుకుంది.

మా తమ్ముడికి డబ్బు పోతుందంటేనే పని జరుగుతుంది. అలాంటివాళ్ల కోసం బీమైండర్ అనే యాప్ ఉంది. పెట్టుకున్న లక్ష్యం దారి తప్పితే కార్డు నుంచి నిజంగానే డబ్బు తీసుకుంటుంది. మళ్లీ మళ్లీ తప్పితే పందెం పెరుగుతుంది. స్టిక్ అని ఇంకోటి ఉంది, యేల్ విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు మొదలుపెట్టింది. అందులో ఓడిపోతే మన డబ్బు మనకి గిట్టని సంస్థకి వెళ్లేలా కూడా పెట్టుకోవచ్చు. తమ్ముడికి రెండూ చెప్పాను, వాడింకా ఆలోచిస్తున్నాడు.

నేను మొదట చూసింది వరసగా ఎన్ని రోజులు చేశామో పెద్ద అంకెలో చూపించే యాప్. కొన్ని వారాలు బాగానే సాగింది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి ఆ అంకె సున్నా అయి కూర్చుంది. అంతకుముందు నడిచిన నడకంతా లెక్కలోంచి పోయినట్టు అనిపించింది. ఆ వారం చెరువు వైపు వెళ్లబుద్ధి కాలేదు.

అప్పుడే లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం చేసిన అధ్యయనం గురించి చదివాను. 2009లో వచ్చింది. 21 రోజుల్లో అలవాటు పడిపోతుందని అందరం అంటుంటాం కదా, వాళ్ల లెక్కలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఒక్కసారి మానితే అలవాటు పెద్దగా దెబ్బతినదని కూడా తేలింది. ఆ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో!

అందుకే చివరికి లూప్ హ్యాబిట్ ట్రాకర్ దగ్గర ఆగాను. ఆండ్రాయిడ్‌లో ఉచితం, ప్రకటనలుండవు, అకౌంట్ తెరవక్కర్లేదు. అలవాటు ఎంత బలపడిందో శాతంలో చూపిస్తుంది. ఒకరోజు మానితే ఆ శాతం కొంచెం తగ్గుతుందే తప్ప సున్నాకి పడిపోదు. నడకని వారానికి మూడుసార్లని పెట్టుకున్నాను, వాన రోజున బెంగ లేదు. కన్నడకి రోజూ భోజనాలయ్యాక రిమైండర్ మోగుతుంది. లిపి మన తెలుగుకి దగ్గరే కాబట్టి బస్సు బోర్డులు ఇప్పుడు ఆగకుండా చదివేస్తున్నాను. డేటా ఫోన్‌లోనే ఉంటుంది, కాబట్టి ఫోన్ మార్చే ముందు బ్యాకప్ తీసి పెట్టుకోవాలి.

ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. డబ్బు కట్టకముందు ఒక్క అలవాటుతో రెండు వారాలు వాడి చూడండి. ఒకరోజు తప్పాక, మర్నాడు ఆ యాప్ తెరవాలంటే ఎలా ఉందో గమనించండి. మొహం చాటేయాలనిపిస్తే అది మీకు పడదు, ఇంకోటి చూసుకోండి. వారానికి ఎన్నిసార్లో మనమే పెట్టుకునే వీలుందా, ఉచితంగా ఎన్ని అలవాట్లు పెట్టుకోనిస్తుంది అన్నవి కూడా ముందే చూడాలి. కొన్నింటిలో రెండు మూడు దాటితే సబ్‌స్క్రిప్షన్ అడుగుతుంది.

నా నడకని వారానికి నాలుగుసార్లకి మార్చాలనుంది. వానలు తగ్గాక మారుస్తాను.