అందరికీ కొత్తదైన ఊరు

మా అమ్మకు కాశీ యాత్ర చేసివచ్చిన నాటినుంచి ఒక బాకీ మిగిలిపోయింది. కాశీ నుంచి తెచ్చిన గంగతో రామేశ్వరంలో అభిషేకం చేయిస్తేనే యాత్ర పూర్తయినట్టని మా వైపు పెద్దలంటారు. మూతి బిగించిన ఆ చిన్న రాగి చెంబు హనుమకొండలో మా ఇంటి దేవుని అర్రలో రెండేళ్ళుగా కదలకుండా కూర్చుని ఉంది. మేము టెక్సాస్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ దాని ప్రస్తావన తెచ్చేది. మా తొమ్మిదేళ్ళ అబ్బాయి మాత్రం రెండేళ్ళపాటు మూసి ఉంచిన నీళ్ళు పాడవవా అని అడిగేవాడు. 2025 ఏప్రిల్‌లో పాంబన్ కొత్త వంతెన ప్రారంభమై రామేశ్వరం దాకా మళ్ళీ రైళ్ళు నడుస్తున్నాయని తెలిశాక, ఆ వేసవి సెలవుల్లో ఇంకే సాకూ మిగలలేదు.

హనుమకొండలో మా పిల్లలకు ప్రతి సెలవుల్లోనూ ఎదురయ్యే పరిస్థితిని ముందుగా చెప్పాలి. బంధువుల ఇళ్ళకు వెళ్తే, కాళ్ళు కడుక్కుని కూర్చోకముందే, తెలుగు వచ్చా, పప్పు తింటావా, శతక పద్యం ఒకటి చెప్పు అంటారు. అబ్బాయి "పెద్దమ్మ వచ్చాడు" అంటాడు, ఇల్లంతా నవ్వుతుంది. ఆ నవ్వులో ప్రేమే ఉంటుంది కానీ, నవ్విన వారికి అది ఒక్కసారి, వాడికి అది రోజుకు పదిసార్లు. పదమూడేళ్ళ అమ్మాయి ఈ పరీక్షల నుంచి తప్పించుకునే ఉపాయం ఎప్పుడో కనిపెట్టింది: అసలు మాట్లాడదు. వేయిస్తంభాల గుడికి తీసుకెళ్ళి, దీన్ని కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించాడని, శివుడికీ విష్ణువుకీ సూర్యుడికీ మూడు గర్భగుడులున్నాయని నేను చెబుతుంటే, ఆమె ముఖంలో కనిపించేది పరీక్షకు చదువుకునే పిల్ల ఓపిక మాత్రమే. ఇది నీ ఊరు, నీకు తెలిసి ఉండాలి అనే మాట నేను అనకపోయినా నా గొంతులో ఆమెకు వినిపిస్తూనే ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను.

వరంగల్లులో రైలెక్కి విజయవాడ దాటాక కృష్ణ వంతెన మీద అమ్మ అలవాటుగా కొంగుముడి విప్పి రూపాయి బిళ్ళ తీసింది. ఏసీ పెట్టె కిటికీ తెరుచుకోదు కదా, ఆ బిళ్ళను అద్దానికి ఆనించి దండం పెట్టి మళ్ళీ ముడి వేసుకుంది. చెన్నైలో సాయంత్రం ఇంకో రైలెక్కితే తెల్లవారేసరికి పాంబన్ చేరాము. పక్కనే 1914 నాటి పాత వంతెన. ఓడలు వచ్చినప్పుడు దాని నడిమి భాగం రెండు తలుపు రెక్కల్లా పైకి లేచేదట. రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న కొత్త వంతెనలో మాత్రం నడుమ ఉన్న 72.5 మీటర్ల ముక్క మొత్తం లిఫ్టులా నిటారుగా పైకి పోతుంది. ఇవన్నీ అబ్బాయి నాకు చెప్పినవే. అమ్మ మళ్ళీ ముడి విప్పబోయి ఆగి, "ఇది ఏ నది బిడ్డా?" అని వాడినే అడిగింది. నదులున్న నేల మాది, చెరువులున్న ఊరు మాది. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు, పాకాల, లక్నవరం తెలిసిన మనిషి అరవై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి సముద్రాన్ని చూస్తోంది. మా పిల్లలకేమో అది వారాంతంలో టెక్సాస్ తీరాన గాల్వెస్టన్‌లో ఇసుక గూళ్ళు కట్టుకునే చోటు. ఆ ప్రయాణంలో నేను ముందుగా ఊహించని విషయం మొదట అక్కడే, ఆ కిటికీ దగ్గరే కనిపించింది, కానీ అప్పటికి గుర్తించలేదు.

రామేశ్వరంలో గుడికి తూర్పున అగ్నితీర్థం అనే సముద్రపు రేవు ఉంది. ముందు అక్కడ మునిగి, ఆ తడిబట్టలతోనే గుడి లోపల ఉన్న 22 తీర్థాల్లో వరుసగా నీళ్ళు పోయించుకోవాలి. అవన్నీ బావులూ చిన్న కోనేర్లూ. ఆ తరువాత పొడిబట్టలు కట్టుకుంటేనే దర్శనానికి పంపుతారు. అబ్బాయి ఈత నిక్కరు, కళ్ళద్దాలు పెట్టుకుని తయారయ్యాడు. అది బీచి కాదురా అని నేను అంటుండగానే మా ఆవిడ, "అది సముద్రమే కదా, వాడు చేసినదాంట్లో తప్పేముంది?" అంది. అలలు లేని ఆ నీళ్ళను చూసి వాడు కాస్త నిరాశపడ్డాడు కానీ, బాపమ్మ మూడు మునకలు వేస్తే తాను ఆరు వేశాడు.

లోపల తీర్థాల పేర్లు చదువుకుంటూ పోవడం పిల్లలకు ఆటలా నడిచింది. నల తీర్థం, నీల తీర్థం, గవయ తీర్థం అని వానరుల పేర్లు వచ్చేసరికి, వారధి కట్టిన ఇంజినీరు నలుడేగా అని అమ్మాయి నోరు విప్పింది. తడి రాళ్ళ మీద మోకాళ్ళ నొప్పులతో నడుస్తున్న బాపమ్మ చేయి పట్టుకుని ఉన్నదీ ఆమే. ఫోన్లు బయట ఇచ్చి వచ్చాము కనుక మాటలు అనువదించే యాప్ కూడా చేతిలో లేదు. బావి గట్టు మీద నిలబడి బకెట్లతో నీళ్ళు తోడి పోసే మనిషి తమిళంలో ఏదో అడుగుతాడు, మా అమ్మ వరంగల్లు తెలుగులో జవాబు చెబుతుంది, ఇద్దరూ ఎవరి దారిన వారు మాట్లాడుకుంటున్నారు. ఒక తీర్థం దగ్గర అతను ఆపకుండా బకెట్ మీద బకెట్ కుమ్మరిస్తుంటే అమ్మకు ఊపిరాడలేదు. అప్పుడు వెనుక నుంచి అబ్బాయి గట్టిగా "పోదుం! పోదుం!" అన్నాడు. అతను నవ్వి బకెట్ దించాడు. టెక్సాస్‌లో వాడి ప్రాణస్నేహితుడు తమిళ పిల్లవాడు. వాళ్ళింట్లో అన్నం వడ్డించేటప్పుడు చాలు అనడానికి నేర్చుకున్న మాట అది. వాడికి వచ్చిన తమిళం మొత్తం నాలుగు మాటలు. మిగిలిన తీర్థాలన్నిటికీ మా కుటుంబానికి దుబాసీ వాడే. హనుమకొండలో "వచ్చాడు, వచ్చింది" తేడా తెలియని పిల్లవాడి వెనుక పెద్దవాళ్ళం ముగ్గురం బారులు తీరి నడిచాము.

గర్భగుడిలో రెండు లింగాల కథ అమ్మ చెప్పింది, నేను కలగజేసుకోలేదు. రావణవధ పాపం పోవడానికి రాముడు శివపూజ చేయదలచి లింగం కోసం హనుమంతుణ్ణి కైలాసానికి పంపాడు. ముహూర్తం మించిపోతుంటే సీతమ్మ ఇసుకతో లింగం చేసింది. తరువాత లింగంతో వచ్చిన హనుమంతుడు చిన్నబుచ్చుకుంటే, రాముడు దాన్నీ పక్కనే ప్రతిష్ఠించి, మొదటి పూజ దానికే జరగాలన్నాడు. నేటికీ హనుమంతుడు తెచ్చిన విశ్వలింగానికి పూజ అయ్యాకే సీతమ్మ చేసిన రామలింగానికి. "అంటే లేటుగా వచ్చినవాళ్ళకే ఫస్ట్ పూజా?" అని అమ్మాయి రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది. రామప్పలో ఉన్నది కూడా రామలింగేశ్వరుడే కదా అని అబ్బాయి అందుకున్నాడు. 1213లో కట్టిన ఆ గుడి పునాదిలో ఇసుక నింపారని, అందుకే భూకంపాలను తట్టుకుందని కిందటి ఏడు పాలంపేటలో విన్నది వాడు మరచిపోలేదు. అక్కడా ఇసుకే, ఇక్కడా ఇసుకే అని వాడు తేల్చేశాడు. వీధిలో ఒకచోట నీళ్ళ తొట్టెలో తేలుతున్న రాయిని చూపించినప్పుడూ అంతే: బాపమ్మ అది రామనామ మహిమ అంది, వాడు రామప్ప శిఖరపు ఇటుకల్లాగా లోపల బోలు రంధ్రాలుంటాయన్నాడు. ఇద్దరూ తీర్పు కోసం నా వైపు చూశారు. నేను కాఫీ ఎక్కడ దొరుకుతుందో చూసివస్తానని జారుకున్నాను. ఇలాంటి చోట తండ్రి పిరికివాడు కావడం ఒక్కోసారి మంచిదే.

గంగ చెంబు మూత తీయడానికి మాత్రం అమ్మ మాలో ఎవరినీ ముట్టనివ్వలేదు. టికెట్టు కొని నీళ్ళు అప్పగించి, అభిషేకం దూరం నుంచి చూసి బయటికి వచ్చాక, ఖాళీ చెంబును కొంగుతో తుడిచి మనవరాలి చేతిలో పెట్టింది. బయటి ప్రాకారంలో, రామనాథపురం పాలకులైన సేతుపతులు 18వ శతాబ్దంలో కట్టించిన ఆ పొడుగాటి వసారాలో, 1,212 స్తంభాలున్నాయని చెబుతారు. మన గుడి కన్నా రెండు వందలు ఎక్కువా అని అమ్మకు నమ్మకం కుదరలేదు. అమ్మాయి లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూట అరవై దగ్గర తప్పిపోయి, చెంబును చంకలో పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మన గుడి అన్న మాట ఆమె కూడా అన్నది, అయితే ఇంగ్లీషులో.

మరునాడు ధనుష్కోటి వెళ్ళాము. 1964 డిసెంబరు తుపానులో ఊరితోపాటు ఒక రైలు కూడా ప్రయాణికులతో సహా కొట్టుకుపోయిన చోటు అది. చర్చి మొండిగోడలు, స్టేషను శిథిలాలు ఇసుకలో మిగిలి ఉన్నాయి. పిల్లలకు ఇలాంటివి చెప్పాలా అని నేను తటపటాయిస్తుండగా అమ్మాయి అక్కడున్న బోర్డు చదివి తమ్ముడికి చెప్పేసింది, వాడు బాపమ్మకు తన తెలుగులో చెప్పాడు: "ట్రైన్ నీళ్ళలోకి పోయాడు బాపమ్మా, అందరూ చనిపోయారు." మాలో ఎవరమూ దిద్దలేదు.

భూమి అంచున, అరిచల్‌మునై దగ్గర అలలు పెద్దవి. అక్కడ స్నానం ప్రమాదమని అంటారు కనుక పాదాలు తడిసేంతవరకే వెళ్ళాము. అమ్మ అలకు ఎదురుగా చేతులు జోడించి నిలబడింది. మొదటి అలకే కాలి కింద ఇసుక జారి తూలింది. అబ్బాయి పరుగెత్తి ఆమె చేయి పట్టుకుని, "ముందుకు కాదు, సైడుకు నిలబడు, మోకాలు కొంచెం మడుపు, అల వచ్చినప్పుడు ఊపిరి ఆపకు" అని గాల్వెస్టన్‌లో తాను నేర్చుకున్నదంతా చెప్పాడు. ఆమె చెప్పినట్టే పక్కకు తిరిగి, మోకాళ్ళు వంచి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని నిలబడింది. రెండో అల వెళ్ళిపోయింది, పడలేదు.

"టీవీల జూసిన గని, గింత సప్పుడు ఉంటదని తెల్వదు బిడ్డా," అంది.

మేము వచ్చిన జీపువాడు హారన్ కొడుతున్నాడు. అబ్బాయి బాపమ్మ చేయి వదలకుండానే ఇంకో చేత్తో ఆగమని సైగ చేశాడు, అప్పటికే మూడో అల వస్తోంది.