తొట్టావాడి, ఆంపన: రెండు మొక్కల దగ్గర నా అనువాదం

2025 జనవరి 1న కె.ఎస్. మణిలాల్ గారు పోయారు. ఆ వార్త చదివాకే 'హోర్తూస్ మలబారికూస్' తెరిచాను. బోటనీ చదివినవాణ్ణి కాబట్టి పేరు ఎప్పటినుంచో తెలుసు. డచ్చివారి తరఫున మలబారు (ఇప్పటి కేరళ తీరం) గవర్నరుగా ఉన్న వాన్ రీడ్ అక్కడి మొక్కల మీద తయారు చేయించిన 12 సంపుటాలు; 1678లో మొదలై 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. మొత్తం 742 మొక్కలు, వర్ణనంతా లాటిన్‌లో. కాలికట్ యూనివర్సిటీలో బోటనీ చెప్పిన మణిలాల్ గారు 35 ఏళ్లకు పైగా దీనిమీదే ఉన్నారు. ఇంగ్లీషు అనువాదం 2003లో, మలయాళం 2008లో కేరళ యూనివర్సిటీ వేసింది.

నాలుగు మొక్కలైనా తెలుగులోకి తేవాలనిపించింది. ఏడాది పాటు రాత్రిళ్లు లాటిన్ నేర్చుకున్నాను. విభక్తులకు అలవాటుపడ్డ తెలుగువాడికి ఆ భాష మరీ కొత్తగా ఉండదు. అసలు కష్టం అచ్చుతోనే. అప్పటి ముద్రణలో మాట మొదట్లో వచ్చే 'ఎస్' అక్షరం అచ్చం 'ఎఫ్'లా ఉంటుంది. 'సెమినా' అంటే విత్తనాలు, 'ఫెమినా' అంటే ఆడది. మొక్కల పుస్తకంలో రెండూ వచ్చే మాటలే! మొదటి వారం రాసిందంతా మళ్లీ దిద్దాను.

తరవాత తొమ్మిదో సంపుటంలో 'తొట్టావాడి' కనిపించింది. ముట్టుకుంటే వాడిపోయేది. మలయాళం రాకపోయినా ఆ 'వాడి' మనదే కదా అని ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు కేరళలో తొట్టావాడి అంటే మన అత్తిపత్తే. ధైర్యంగా 'అత్తిపత్తి' అని రాసేశాను. రెండు రోజుల తరవాత బొమ్మ సరిగ్గా చూశాను. ముళ్లు లేవు. గులాబీ రంగు బంతిపూలలాంటి పూలగుత్తులు లేవు. చిన్న కాడ పైన ఆకులన్నీ గొడుగులా విచ్చుకుని, చిట్టి కొబ్బరిచెట్టులా ఉంది. అది ఇవాళ కేరళలో ముక్కుట్టి అనే మొక్క, శాస్త్రీయ నామం బయోఫైటమ్ సెన్సిటివమ్. అత్తిపత్తి అమెరికా నుంచి వచ్చింది. మొక్కలు అవే ఉన్నాయి, పేరే ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి వెళ్లింది.

మందు మొక్కల పుస్తకంలో ఇలాంటి తప్పు చిన్నది కాదు. వేరే మొక్క గుణాలు దీనికి అంటగట్టినట్టవుతుంది. మణిలాల్ గారు పుస్తకం ముందు కూర్చుని అనువదించలేదు. శిష్యులతో కలిసి ఆ మొక్కలు మొలిచిన చోట్లకే వెళ్లి, దాదాపు అన్నిటినీ మళ్లీ సేకరించి, ఇప్పటి శాస్త్రీయ నామంతో సరిపోల్చుకున్నారు. 35 ఏళ్లు ఎక్కడికి పోయాయో నాకు అప్పుడు తెలిసింది. ఆయన మీద గౌరవం అంతకుముందూ ఉంది, కానీ ఆ రాత్రి కళ్లు చెమర్చాయి.

నన్ను ఒడ్డున పడేసింది కూడా ఒక పేరే. మొదటి సంపుటంలో 'కరింపన', ఆ వెంటనే 'ఆంపన' ఉన్నాయి. రెండు శీర్షికలు, రెండు బొమ్మలు. కానీ మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో రెండిటినీ ఒక్క తాడిచెట్టు కిందే చూపించాడు. ఒకే చెట్టుకు రెండు పేర్లెందుకు? లాటిన్ నిఘంటువు ఎంత తిరగేసినా లాభం లేకపోయింది. మలయాళం తెలిసిన స్నేహితుణ్ణి అడిగితే ఒక్క క్షణంలో చెప్పాడు: "ఆణ్ అంటే మగ, పన అంటే తాడి." అంటే ఆంపన వేరే చెట్టు కాదు, తాడిలోనే మగది.

ఆ మాట డచ్చివాళ్లది కాదు. ఈ పుస్తకానికి తన జ్ఞానాన్ని ఇచ్చిన చేర్తల ప్రాంతపు వైద్యుడు ఇట్టి అచ్యుతన్ 1675 ఏప్రిల్‌లో కోలెళుత్తు అనే పాత కేరళ లిపిలో రాసిచ్చిన పత్రం మొదటి సంపుటంలోనే ఉంది. రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే కొంకణి వైద్యులు ఇచ్చిన పత్రమూ ఉంది. మొక్కను వాళ్ల ఊళ్లో ఏమని పిలిచేవాళ్లో ఆ పేరే శీర్షికగా నిలిచింది.

లాటిన్ పక్కన పెట్టి నోట్‌బుక్‌లో ఆంపన ఎదురుగా మా ఊళ్లో అనే మాటే రాశాను: పోతుతాడి.