నా క్రియాటినిన్ నాకెవరూ చెప్పలేదు

సార్వా నాట్లు అయ్యీ అవ్వకుండానే జ్వరం పట్టుకుంది. పిక్కల మీద చెయ్యి వేస్తే చాలు, ప్రాణం పోయేది. కళ్లు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పచ్చబడ్డాయి. కామెర్లకి పసరు పోయిద్దామన్నారు ఊళ్లోవాళ్లు. మా అబ్బాయి వినకుండా కాకినాడలో ఒక ఆస్పత్రికి తీసుకుపోయాడు. రక్తపరీక్షలో లెప్టోస్పైరోసిస్ అని తేలింది. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు కాళ్ల పగుళ్లలోంచి ఒంట్లోకి పోతే వస్తుందట. కోనసీమ చేలల్లో దిగేవాళ్లకి పగుళ్లు లేని కాళ్లు ఎక్కడివి?

సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లకి జ్వరం దిగింది గానీ కిడ్నీల మీద దెబ్బ పడింది. ఆ సంగతి డాక్టర్ గారు వరండాలో మా అబ్బాయికి చెప్పారు, నాకు కాదు. "ఏం లేదు నాన్నా" అన్నాడు వాడు, మొహం పక్కకి తిప్పుకుని.

మూత్రం సంచి ఖాళీ చేసి, కొలిచి రాసుకునేది ఒక నర్సింగ్ విద్యార్థిని. "ఏమ్మా, నా కిడ్నీలు పోయినాయా?" అని అడిగేశాను. మగ్గు పట్టుకుని అలాగే ఆగిపోయింది. అందరిలా "ఏం లేదండి" అనేస్తే తనకి గొడవే లేదు.

"రిపోర్టు నేను చెప్పకూడదు బాబాయ్ గారూ. మీరు అడిగారని సిస్టర్ గారికి చెప్తానండి" అంది.

చెప్పింది కూడా. "పెద్దాయన్ని కంగారు పెడతావా?" అని సీనియర్ సిస్టర్ పెట్టిన చీవాట్లు నా మంచం దాకా వినబడ్డాయి. ఆవిడ మీదా నాకు కోపం లేదు. వార్డు నిండా మంచాలు, చూసేది ఆవిడొక్కతే. పైగా రౌండ్స్‌లో డాక్టర్ గారితో "ఈయన తన సంగతి తెలుసుకోవాలంటున్నారండి" అన్నదీ ఆవిడే.

కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్, నాలుగు దాటిందని, అవసరమైతే కొన్నాళ్లు డయాలసిస్ చేస్తామని, ఈ జబ్బులో కిడ్నీలు చాలామందికి మళ్లీ కోలుకుంటాయని చెప్పారు. ఆ రాత్రి నిద్ర పట్టింది. అంతకుముందు టెన్షనంతా తెలియకపోవడం వల్లే. డయాలసిస్ దాకా పోకుండానే అంకె కిందికి దిగింది. పిక్కల్లో సత్తువ రావడానికి మాత్రం దసరా దాటింది.

మా మేనకోడలు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. దానికి ఆ నర్సింగ్ అమ్మాయి సంగతి చెప్పాను. ఇక్కడ మంచిచెడుల ప్రశ్న ఒకటుందని పసిగట్టడాన్ని నైతిక సున్నితత్వం అంటారట. నర్సుల్లో దాన్ని కొలవడానికి స్వీడన్‌లో కిమ్ లూట్సేన్ బృందం 1994లోనే ప్రశ్నావళి తయారుచేసిందని చెప్పింది.

"మరి చీవాట్లు తిన్నాక అది ఎంత మిగులుతుందో?" అన్నాను.

"దానికీ పేరుంది మావయ్యా, మోరల్ డిస్ట్రెస్. చేయాల్సింది తెలిసీ, చేయనివ్వకపోతే లోలోపల నలిగిపోవడం. ఆండ్రూ జేమ్‌టన్ అనే ఆయన 1984లో రాశాడు."

నీకు ఎదురైందా అంటే, "వార్డు డ్యూటీ మొదలైన వారానికే" అంది.