పిక్వా దారిలో పాత అంబులెన్సు

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉండే మా బావమరిదికి పాత బండ్ల పిచ్చి. ఈసారి కన్ను ఖరీదైన కార్ల కంపెనీ కాడిలాక్ పేరున్న ఒక అంబులెన్సు మీద పడింది. ఎవరో ఎప్పుడో దాన్ని క్యాంపర్‌గా మార్చేశారట. వెనక మంచం, చిన్న గ్యాస్ పొయ్యి, కిటికీలకు పూల కర్టెన్లు. సిడ్నీ అనే ఊరి దగ్గర ఒక రైతు షెడ్డులో ఉంది. ఎవరు కట్టారో తెలీదు, 1966 మోడల్ అని మాత్రం అమ్మే ఆయన ఫోన్లో చెప్పాడు. మావాడి భార్య ఒక్కటే షరతు పెట్టింది: "శవాల్ని మోసిన బండైతే మా ఇంటి ముందు పెట్టనివ్వను అన్నయ్యా. మీరూ వెళ్ళి తేల్చుకుని రండి."

ఆ అమ్మాయి అనుమానం ఉత్తది కాదు. 1960ల అమెరికాలో అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే చాలా ఊళ్ళలో వచ్చేది అంత్యక్రియలు జరిపించేవాళ్ళ బండే. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళేంత పొడుగు బండి ఊళ్ళో వాళ్ళకే ఉండేది మరి. దేశంలో దాదాపు సగం అంబులెన్సు సేవలు అలాంటి 12,000 మంది చేతుల్లోనే ఉన్నాయని 1966లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నివేదిక చెప్పింది. చిన్న ఊళ్ళలోనైతే రెండు పనులకీ ఒకటే బండి. కాంబినేషన్ కార్ అనేవాళ్ళు. శవపేటిక జరపడానికి నేలలో రోలర్లు ఉంటాయి, వాటిని తిరగేస్తే నేల చదునైపోతుంది. కప్పు మీద ఎర్రలైటు బిగిస్తే అంబులెన్సు, ఊడదీస్తే శవవాహనం. ఇది విన్నాక నాక్కూడా కొంచెం టెన్షన్ మొదలైంది.

పొద్దున్నే 33వ నంబరు హైవే ఎక్కాం. మేరీస్‌విల్ దగ్గర హోండా ఫ్యాక్టరీ దాటాక రెండు పక్కలా మొక్కజొన్న, సోయా చేలే. బెల్‌ఫౌంటెన్‌లో కాఫీకి ఆగాం. కోర్టు పక్కనే అమెరికాలో మొట్టమొదటి కాంక్రీటు వీధి ఉంది. జనం దాని ఫొటోలు తీసుకుంటారు. నాకు మాత్రం ఆ ఊళ్ళో ఒకప్పుడు ఎ.జె.మిల్లర్ కంపెనీ ఉండేదన్న సంగతే ముఖ్యం. గుర్రపు బగ్గీలతో మొదలుపెట్టి శవవాహనాలు, అంబులెన్సులు కట్టే దాకా వచ్చిన కంపెనీ అది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కాడిలాక్ అంబులెన్సు అంటారు గానీ కాడిలాక్ వాళ్ళు అంబులెన్సులు కట్టలేదు. 156 అంగుళాల వీల్‌బేస్‌తో (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) పొడవాటి చాసిస్, దానికి ఇంజన్, ముందు భాగం బిగించి పంపేవాళ్ళు. మిగతాదంతా బాడీ కట్టేవాళ్ళ పని. మన విజయవాడ ఆటోనగర్‌కి లేలాండ్ చాసిస్ వచ్చి లారీ అయి వెళ్ళినట్టే. కాబట్టి తయారీదారు ఎవరంటే రెండు పేర్లు చెప్పాలి, ఆ రెండో పేరే అసలు చిక్కు. ఒహాయోలో ఈ పనికి పేరుపడ్డవి ముఖ్యంగా మూడు: లైమాలో సుపీరియర్, సిన్సినాటీలో హెస్ అండ్ ఐసెన్‌హార్ట్, పిక్వాలో మిల్లర్-మీటియర్. ఈ మూడోది 1956లో బెల్‌ఫౌంటెన్ మిల్లర్‌ని, పిక్వా మీటియర్‌ని కలిపేస్తే పుట్టింది.

షెడ్డులో బండిని చూడగానే మావాడి మొహం వెలిగిపోయింది. పైన ఎవరో బ్రష్షుతో వేసిన ఆకుపచ్చ రంగు, కింద తుప్పు. నేను ముందు హెడ్‌లైట్లు చూశాను. ఒకదాని మీద ఒకటి, నిలువుగా ఉన్నాయి. కాడిలాక్‌కి అలా ఉన్నది 1965 నుంచి 1968 దాకానే. తర్వాత ముందు ఫెండర్ల పక్కన చిన్న లైట్లు. అమెరికాలో బండి పక్కన అలాంటి లైట్లో, వెలుతురు పడితే మెరిసే బిళ్ళలో తప్పనిసరైంది 1968 జనవరి 1 నుంచి. లైట్లంటే ఎవరైనా తర్వాత బిగించుకోవచ్చు. కానీ వైపర్లు బానెట్ అంచు కింద దాక్కుని ఉన్నాయి, ఆ మార్పు కాడిలాక్‌లో వచ్చింది 1968లోనే. చివరికి అద్దం వెనక డ్యాష్‌బోర్డు మీది నంబరు రేకు మీద దుమ్ము తుడిచాం. మొదట జడ్ అక్షరం, అంటే కమర్షియల్ చాసిస్, బాడీ కట్టేవాళ్ళకి పంపే ఆ పొడవాటిదే. దాని పక్కన 8, అంటే 1968. బండి అమ్మే పెద్దాయన టోపీ సర్దుకుని, "మా నాన్న 66 అనేవాడే" అన్నాడు.

ఇక బాడీ ఎవరిది? బయట బ్యాడ్జీలన్నీ ఊడపీకేశారు, స్క్రూ చిల్లుల్లో పుట్టీ. లోపల మంచం కింద ప్లైవుడ్ పరిచారు. ఆయన్ని అడిగి ఒక పలక లేపాం. కింద అసలు నేల, మధ్యలో స్ట్రెచర్ బిగించే ఉక్కు కొక్కెం. రోలర్లు లేవు, వాటికోసం చెక్కిన గాళ్ళూ లేవు. అక్కడినుంచి కప్పుకి టేపు పెడితే సరిగ్గా 48 అంగుళాలు. మిల్లర్-మీటియర్ వాళ్ళ అంబులెన్సుల్లో క్లాసిక్ 48 అని ఒకటుండేది, ఆ అంకె లోపలి ఎత్తే. శవపేటిక కోసమైతే ఇంత ఎత్తు కప్పు ఎవరూ కట్టరు. ఎత్తు ఒక్కటే నమ్ముకుంటే ఎలా అని తలుపు చట్రం కూడా వెతికాం. పచ్చరంగు కింద గోరంత మందాన రేకు తగిలింది. మావాడు తాళంచెవితో గీకుతుంటే ఒక్కో అక్షరమే పైకొచ్చింది: పిక్వా, ఒహాయో.

అమ్మాయికి ఫోన్ చేశాను. "శవాల కోసం కట్టింది కాదమ్మా, అచ్చంగా అంబులెన్సే."

"మరి ఆసుపత్రికి వెళ్తూ దార్లో ప్రాణం పోయినవాళ్ళో?"

ఫోను మావాడికిచ్చేశాను.

బేరం దగ్గర ఇంకో ముడి పడింది. మోడల్ మీరు చెప్పింది కాదు కదా, కాస్త తగ్గించండి అన్నాడు మావాడు. పెద్దాయన నవ్వి, 66లో 429 క్యూబిక్ అంగుళాల ఇంజన్, 68లో 472 కదా, మీరే ఇంకాస్త ఎక్కువివ్వాలి అన్నాడు. ఆ లెక్క ఆయనకు ముందే తెలుసని నా అనుమానం. పాత రేటుకే ఖాయమైంది.

సాయంత్రం పిక్వా దాకా వెళ్ళాం. గ్రేట్ మయామీ నది పక్కన నెమ్మదైన ఊరు. 1970ల్లో ఫెడరల్ ప్రభుత్వం అంబులెన్సులకు ప్రమాణాలు పెట్టాక వ్యాన్లు, ట్రక్కు చాసిస్‌లే రాజ్యమేలాయి. కారు అంబులెన్సుల కాలం ఆ దశాబ్దంతోనే ముగిసింది.

బండి ప్రస్తుతం మావాడి స్నేహితుడి గ్యారేజీలో ఉంది, ఇంటిముందుకి ఇంకా పర్మిషన్ రాలేదు. ఒహాయోలో 25 ఏళ్ళు దాటిన బండికి హిస్టారికల్ అనే ప్రత్యేక నంబరు ప్లేటు ఇస్తారు. దరఖాస్తులో ఏడాది గడిలో 1968 అని దర్జాగా రాశాం. తయారీదారుకి మాత్రం ఒకటే గడి ఉంది. కాడిలాక్ అని రాయక తప్పలేదు.