మన కాలేజీ పేరులో ఉన్న ఆవిడ

మదనపల్లె బి.టి. (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీలో చదివామంటే చాలు, ఎవరైనా ముందు ఠాగూర్ గురించే అడుగుతారు. 1919 ఫిబ్రవరిలో ఆయన వచ్చి మన క్యాంపస్‌లో ఉండటం, జనగణమనని ఇక్కడే ఇంగ్లీషులోకి మార్చటం, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ గారు దానికి స్వరాలు రాసిపెట్టటం, ఇవన్నీ మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ అసలు ఈ కాలేజీయే లేకపోతే ఆయనకి మన ఊరితో పనేముంది? 1915లో దీన్ని పెట్టించిన అనిబిసెంట్ గారి గురించి మాత్రం తెల్లచీరలో ఒక ఫోటో, సోషల్ పుస్తకంలో హోంరూల్ (స్వపరిపాలన ఉద్యమం) అని ఒక పేరా, అంతకుమించి ఎవరూ మాట్లాడరు, నాకది బాధగా ఉంటుంది.

ఆవిడ పని ఇండియాలో మొదలవ్వలేదు. 1888లో లండన్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లలు సమ్మె చేస్తే వాళ్ల వెనక నిలబడింది ఈవిడే, అదే ఏడాది లండన్ స్కూల్ బోర్డుకి ఎన్నికై, ఆకలితో వచ్చే పేదపిల్లలకి బడిలోనే ఉచితంగా అన్నం పెట్టాలని పట్టుబట్టింది. దానికి పదేళ్ల ముందే ఆవిడ అభిప్రాయాలు నచ్చక కోర్టు సొంత కూతుర్ని ఆవిడ దగ్గర్నుంచి తీసేసుకుంది, అంత దెబ్బ తిన్న తల్లి ఊళ్లోవాళ్ల పిల్లల కోసం అలా తిరిగిందంటే నాకు ఎప్పుడు తల్చుకున్నా గొంతు పట్టేస్తుంది.

1893లో ఇండియాకి వచ్చారు, 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ, 1904లో అక్కడే ఆడపిల్లల స్కూలు. ఆ కాలేజీ మీదే తర్వాత బనారస్ హిందూ యూనివర్సిటీ లేచింది. 1907 నుంచి చనిపోయేదాకా, అంటే 1933 దాకా అన్ని మతాల మూలసత్యం ఒకటేనని చెప్పే థియోసాఫికల్ సొసైటీకి (దివ్యజ్ఞాన సమాజానికి) ఆవిడే ప్రెసిడెంట్, మధ్యలో 1917లో హోంరూల్ కోసం ఊటీలో నిర్బంధంలో పెడితే అప్పటికి ఆవిడకి డెబ్భైకి దగ్గర, బయటికొచ్చిన ఆ డిసెంబర్‌లోనే కలకత్తా కాంగ్రెస్‌కి అధ్యక్షురాలు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ.

ఆ సొసైటీలో ఆవిడ నమ్మిన దివ్యదృష్టి, లోకానికి దారి చూపే జగద్గురువు వస్తాడు లాంటివి నేను నమ్మను, చెప్పాల్సింది చెప్పేస్తున్నా. మన మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారిని ఆ జగద్గురువు ఈయనే అనుకుని ఆవిడ పెంచారు, ఆయన 1929లో ఆ జగద్గురువు కోసం పెట్టిన సంఘాన్నే రద్దు చేసేశారు. ఎనభై దాటిన వయసులో అంత పెద్ద నమ్మకం కూలిపోయినా ఆవిడ ఆయన మీద ప్రేమ చంపుకోలేదు. నా దృష్టిలో ఆవిడ పెట్టిన స్కూళ్లన్నింటికంటే ఇది పెద్ద పాఠం.

అక్టోబర్ 1 ఆవిడ పుట్టినరోజు. ఈసారి రీయూనియన్ ఆ రోజే పెట్టుకుని, ఊళ్లో గవర్నమెంటు స్కూలు పిల్లలని పిలిచి మనతోపాటు భోజనం పెడదామని మా బ్యాచ్ తరఫున అడుగుతున్నా, ఖర్చు మేము చూసుకుంటాం, తోటి బ్యాచ్‌లవాళ్లు కూడా రండి.