అంతర్వేది తీరంలో తాబేలు జాడల లెక్క: నా అనుభవం

తీరంలో జీవుల్ని లెక్కపెట్టడమంటే రాతి మడుగుల్లో వెతకడం అనుకుంటారు. మా అంతర్వేది దగ్గర రాతి మడుగులు లేవు. డెల్టా అంతా గోదారి తెచ్చి పోసిన ఒండ్రూ ఇసుకే. తీరాన కనిపించే బండలు కోతకి అడ్డంగా మనుషులు వేసినవి. అందుకని ఇక్కడ తీరాన్ని గమనించడమంటే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు, పీతల బొరియలు, పాటు తీశాక, అంటే పోటు నీళ్లు తగ్గాక, ఇసుకలో మిగిలే చీలమండ లోతు మడుగులు.

మేం నడిచేది గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న అన్నాచెల్లెళ్ల గట్టుకి తూర్పున నాలుగు కిలోమీటర్లు, జనవరి నుంచి మే దాకా. మొదట్లో చేసిన తప్పు, మొగనే గుర్తుగా పెట్టుకోవడం. మొగ దగ్గర ఇసుక దిబ్బ ఏటా జరుగుతుంది. ఈ ఏటి నాలుగు కిలోమీటర్లూ నిరుటి నాలుగు కిలోమీటర్లూ ఒకటి కాకుండా పోతాయి. ఇప్పుడు రెండు చివరలకీ జీపీఎస్ అంకెలే హద్దు. ఫోన్లో తప్పు అయిదు మీటర్ల లోపుకి వచ్చేదాకా ఆగి, చుక్క తర్వాత అయిదు అంకెలు రాయాలి. 16తో మొదలయ్యేది (అక్షాంశం) ముందు, 81తో మొదలయ్యేది (రేఖాంశం) తర్వాత. తారుమారైతే మన తాబేలు ఉత్తర ధ్రువం దగ్గర గుడ్లు పెట్టినట్టు పటంలో కనిపిస్తుంది. కొత్తవాళ్ల కాగితాల్లో ఇది చూస్తూనే ఉంటాం.

బయల్దేరేది తెల్లవారుజామున. తాబేలు రాత్రి ఎక్కుతుంది, పొద్దెక్కితే గాలీ జనం కాళ్లూ జాడ చెరిపేస్తాయి. పోటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు బాగా పైకొస్తాయి. ముందురోజు సాయంత్రం వలలు బాగుచేసుకునేవాళ్లని "బాబాయ్, రేపు పోటెన్నింటికి?" అని అడిగితే చాలు. కాకినాడ రేవు పట్టికకంటే అదే దగ్గరగా ఉంటుంది. ఇద్దరు నడవాలి: ఒకరు పోటు గీత మీద, అంటే నిన్న రాత్రి నీళ్లు చెత్త వదిలిన చోట, ఇంకొకరు పైన రావణాసురుడి మీసాల (ఇసుకలో పెరిగే ముళ్ల గడ్డి) అంచున. లైటు ఎర్రదే. పెన్ను కాదు, పెన్సిలు. ఉప్పు తేమకి సిరా పాకుతుంది.

రిడ్లీ జాడ 70, 80 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. ఎడమ, కుడి రెక్కల గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, జంటగా పడవు. ఎక్కిన జాడ ఏదో, దిగిన జాడ ఏదో తేల్చడమే కష్టం. రెక్క ఇసుకని వెనక్కి నెడుతుంది కాబట్టి ఇసుక కుప్ప పడ్డ వైపుకి ఎదురుగా తాబేలు వెళ్లినట్టు. రెండు జాడలు ఒకదానినొకటి దాటిన చోట పైన పడ్డది దిగినది. పాటు తీస్తున్నప్పుడు ఎక్కి ఉంటే దిగిన జాడ ఇంకా కిందదాకా సాగుతుంది. మధ్యలో ఇసుక కలబోసి చదును చేసినట్టుంటే గూడు అయి ఉండొచ్చు. అలాంటిదేమీ లేకుండా చుట్టు తిరిగి దిగిపోతే ఉత్త రాక. రెంటినీ విడివిడిగా రాస్తాం.

గూటిని కర్రతో పొడిచి చూడాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది. వద్దు. వందకి పైగా గుడ్లుంటాయి, పైనున్నవి చిల్లుపడితే ఆ కుళ్లు మిగతావాటికీ చేరుతుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్న జీవి ఇది, అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకోవడం నేరం. గూడు మార్చాలా వద్దా అన్నది అటవీశాఖవాళ్లు తేలుస్తారు. మార్చేదుంటే పెట్టిన కొద్ది గంటల్లోనే, గుడ్డు దొర్లకుండా. ఆలస్యమైతే పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది, అప్పుడు తిప్పితే చస్తుంది. మా పని పోటు గీత నుంచి గూటికి ఎన్ని మీటర్లో టేపుతో కొలవడం, ఫోన్ చేయడం, కుక్కల జాడలుంటే రాయడం. 45వ రోజు నుంచి ఆ గూటి చుట్టూ మళ్లీ చూడాలి. పిల్లల జాడలు సముద్రంవైపు కాకుండా దీపాలవైపు తిరిగి ఉంటే ఏ దీపమో కూడా రాస్తాం.

చచ్చి కొట్టుకొచ్చినవే ఎక్కువ ఓపిక అడుగుతాయి. చేతి తొడుగు, మాస్కు, దర్జీ గుడ్డ టేపు. డిప్ప ముందు అంచు మధ్య నుంచి వెనక కొనదాకా వంపు వెంట కొలత. మధ్యలో గవ్వలు అంటుకుని ఉంటే వాటి పైనుంచి టేపు పోనివ్వకూడదు. వెన్నెముక పక్క పలకలు ఒక్కోవైపు అయిదు నుంచి తొమ్మిది దాకా, రెండువైపులా సమానంగా లేకపోయినా రిడ్లీయే. పచ్చ తాబేలుకి నాలుగే. కొలిచాక డిప్ప మీద పెయింటుతో గీత గీయాలి, లేదంటే పోటు దాన్ని అరకిలోమీటరు జరిపితే మర్నాడు ఇంకొకటి చచ్చినట్టు లెక్కవుతుంది. కారణం గడిలో "వలలో పడి" అని రాసేయడం నాకు నచ్చదు. ఊపిరాడక చచ్చినదానికి గాయం కనపడదు. మెడకి వల ముక్క ఉంటే "వల ముక్క ఉంది" అంతే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, కాబట్టి తేదీ సరిగ్గా ఉంటే మిగతాది లెక్క చూసేవాళ్లే తేల్చుకుంటారు.

పీతల బొరియల లెక్కకి ఒక్కోవైపు అరమీటరుండే చదరపు చట్రం: రెండు మీటర్ల పీవీసీ పైపు, నాలుగు ఎల్బోలు. పైపుకి చిల్లులు పొడవకపోతే మడుగులో తేలుతుంది. అంచు పదునుగా, పక్కన కొత్త ఇసుకో కాళ్ల గీతలో ఉన్న బొరియే లెక్క. చుట్టూ చిన్నచిన్న ఇసుక ఉండలుంటే అది వేరే పీత, వేరే గడి.

ఇక సున్నా సంగతి. వారమంతా ఏమీ కనపడక కాగితం నింపడం మానేస్తారు చాలామంది. నడిచి చూసి ఏమీ లేకపోతే "0". నడవకపోతే "చూడలేదు". మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి జనం వేలల్లో వచ్చి తెల్లారేసరికే సముద్రస్నానాలు చేస్తారు. సరిగ్గా తాబేళ్లు ఎక్కే రోజులే అవి. మనం నడిచినా ఆ ముక్కలో జాడ నిలవదు. అక్కడ సున్నా వేస్తే అబద్ధం. ఆ ముక్క వరకు "చూడలేదు, జనం" అని రాసి, అక్కడి నుంచి తూర్పుకి లెక్క మొదలుపెడతాం. తిరిగొచ్చాక టీ తాగేలోపే కాగితానికి ఫోటో తీసి పంపాలి. తడి జేబులో ఉన్న కాగితం మధ్యాహ్నానికి మడతల దగ్గర చిరుగుతుంది.